ఆంబ్రోస్ బాబాయ్ కొండగుర్తులు

కొండ వాలు మీది రేవు పట్టణం సెయింట్ జాన్స్‌లో ఇళ్ళ ముఖాలు లొరెటా వాడెన్ చూసినన్ని ఇంకెవరూ చూసి ఉండరు. ఇళ్ళకు విలువ కట్టే ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు ఆమె చేసిన ఉద్యోగమే అది. వీధిలో నిలబడి ఇంటి ముఖం ఫొటో తీయడం, నంబరు రాసుకోవడం, పక్కింటికి జరగడం. ఆ ఇరవై ఆరేళ్ళలో ఒక ఇంటి ఫొటో ఇంకో ఇంటి నంబరు కిందికి పోయింది లేదు. ఆ సంగతి తనంతట తాను చెప్పుకునేది కాదు గానీ, ఎవరైనా అంటే మాత్రం కాదనేది కాదు.

అలాంటి మనిషి పదకొండు రోజులుగా ఒకే ఒక్క ఇంటి కోసం ఊరంతా గాలిస్తోంది. ముఖం తెలిసి ఉంటే కళ్ళు మూసుకుని వెళ్ళి తలుపు తట్టేది. ఆమెకు తెలిసింది ఆ ఇంటి నెత్తి మాత్రమే. నల్ల తారు కప్పు, దాని మీద పక్కపక్కనే రెండు పొగగొట్టాలు. సముద్రం మీద నుంచి చూస్తే ఆ రెండూ పెద్ద చర్చి తూర్పు గోపురానికి సరిగ్గా కింద నిలబడాలి.

పోనీ తను తీసిన పాత ఫొటోలు తిరగేద్దామంటే అదో ఏడుపు. తలుపు నుంచి చూరు దాకా వస్తే చాలు, పైనున్న ఆకాశం మనకెందుకు అని ఆఫీసు రూలు. వేల ఇళ్ళు తీసింది. ఒక్కదానికీ పొగగొట్టం లేదు.

ఇదంతా వాళ్ళమ్మ పెట్టిన పని.

స్టేసియా వాడెన్‌కు తొంభై ఏళ్ళు. వృద్ధాశ్రమంలో మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం. కిడ్నీలు చేతులెత్తేశాయని, ఇక నెలలు కాదు వారాలేనని డాక్టరమ్మ చెప్పి వెళ్ళిన మధ్యాహ్నం ముసలావిడ ఏడవలేదు సరికదా, కూతుర్ని దగ్గరికి పిలిచి శవపేటికలో ఏమేం పెట్టాలో చెప్పడం మొదలుపెట్టింది. నీలం గౌను. జపమాల. కళ్ళజోడు అక్కర్లేదు.

“జెరార్డ్ ఫొటో పెడతాలే అమ్మా,” అంది లొరెటా.

“వాడి ఫొటో నాకెందుకే? వాడి మొహం నాకు తెలీదా? వాడు పోయిన చోటు ఫొటో తీసి పెట్టు.”

“నీళ్ళకి ఫొటో ఏంటమ్మా? ఎక్కడ తీసినా నీళ్ళే కదా.”

“నువ్వెప్పుడైనా ఒకళ్ళ ఇల్లు తీసి ఇంకొకళ్ళ పేరు రాశావా?”

“లేదు.”

“మరి? మీ అన్న దగ్గరికొచ్చేసరికి ఎక్కడైనా ఒకటేనా?”



జెరార్డ్ పోయింది 1971 సెప్టెంబరులో. వాడికి ఇరవై, లొరెటాకు పదకొండు. నాన్న అంతకు రెండేళ్ళ ముందే ఓడరేవులో సరుకు మీద పడి చనిపోయాడు. నాన్న తమ్ముడు ఆంబ్రోస్ బ్యాటరీలో ఉండేవాడు. రేవు నోటి దగ్గర, పాతకాలం ఫిరంగుల దిబ్బ కింద, కొండను పట్టుకుని వేలాడే జాలర్ల వాడ అది. తండ్రి లేని పిల్లాడు ఊరికే తిరిగితే పాడైపోతాడని బాబాయ్ వాణ్ణి తన పడవలోకి తీసుకున్నాడు. ఆ రోజు ఇద్దరూ లంగరేసి గాలాలు వదులుతూ ఉండగా ఒక అల పడవను తిరగేసింది. బాబాయ్ బోర్లాపడ్డ పడవను కరుచుకుని బతికాడు. జెరార్డ్ తేలలేదు. వెతికినవాళ్ళకు వాడి టోపీ కూడా దొరకలేదు.

నెల తిరక్కుండా స్టేసియా మరిది ఇంటికి నడిచి వెళ్ళి, ఎక్కడ, అని అడిగింది.

ఒక జాలరిని అడగకూడని మాట అది. సముద్రం మీద చోటుకు నంబరుండదు. ఒడ్డు మీదున్న రెండు వస్తువుల్ని ఒకదాని కిందికి ఒకటి తెచ్చుకుంటే ఒక గీత. ఇంకో దిక్కున అలాగే మరో గీత. రెండు గీతలూ కలిసే చోట చేపలుంటాయి. వాటినే కొండగుర్తులంటారు. తండ్రి కొడుక్కి చెబుతాడు, అదీ చావబోయే ముందు. పెళ్ళానికి చెప్పరు. పాదిరి గారికి చెప్పరు. ఊళ్ళో అందరికంటే పెద్ద చేపలు తెచ్చే ఆంబ్రోస్ అయితే తన చోటు కలలో కూడా చెప్పడని పేరు.

అలాంటివాడు ఆ రోజు తలుపు గడియ వేసి, వదిన చెవిలో చెప్పాడు. తూర్పు గోపురం కిందికి నల్ల కప్పు రెండు పొగగొట్టాలు. స్పియర్ దీపస్తంభం కొండ చాటు నుంచి సగం బయటికి. “ఎవరికీ చెప్పకు వదినా, ఇది మనింటి సొత్తు,” అని శిలువ మీద ఒట్టు వేయించుకున్నాడు. ఆవిడ ఇంటికొచ్చి ప్రార్థన పుస్తకం ఆఖరి పేజీలో పెన్సిలుతో రాసుకుంది. అంతే. ఆ తర్వాత కాళ్ళు సాగినన్నాళ్ళూ ప్రతి ఆదివారం పూజ అవగానే లొరెటా చెయ్యి పట్టుకుని రేవు పక్కనున్న సిగ్నల్ హిల్ కొండ ఎక్కేది. పైన గాలికి కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే, గడ్డంతో ఒక వైపు చూపించి, “అదుగో, అటు,” అనేది. పడవ మాత్రం జన్మలో ఎక్కలేదు.

బాబాయ్ కూడా వదిన్ని వదిలేయలేదు. ప్రతి శుక్రవారం ఇంటి వెనక గుమ్మంలో ఒక చేప, చెయ్యంత పొడుగుది, కాగితంలో చుట్టి పెట్టిపోయేవాడు. తలుపు తట్టేవాడు కాదు. 1992లో ప్రభుత్వం కాడ్ చేపల వేట ఆపేసే దాకా, ఇరవై ఒక్క ఏళ్ళు, ఒక్క వారం తప్పలేదు. తల్లీ కూతుళ్ళు ఆ చేపను బంగాళాదుంపలతో ఉడికించి, వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లుకుని తినేవారు. “ఆంబ్రోస్ మంచివాడు,” అనేది స్టేసియా, ముల్లు తీసుకుంటూ.

అలా ఇప్పుడు లొరెటా ఆ ప్రార్థన పుస్తకం కోటు జేబులో పెట్టుకుని, మెడలో కెమెరాతో, ఊళ్ళో మెట్లన్నీ ఎక్కి దిగుతోంది. ఊరి వాలు ఎలాంటిదంటే, ఒక వీధివాళ్ళ వాకిట్లో నిలబడితే కింది వీధివాళ్ళ కప్పు మోకాళ్ళ దగ్గరుంటుంది. అయినా ఆమె ఎన్నడూ అటు తిరిగి చూడలేదు. ముందు వైపు పసుపు, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ, ఒకరిని చూసి ఒకరు పోటీపడి వేసుకున్న రంగులు. వెనక్కి వెళితే రంగు లేని చెక్కలు, తుప్పుపట్టిన నూనె ట్యాంకులు, మంచు మీద లాగే విరిగిన స్లెడ్జి బళ్ళు. తన ఊరికి వీపు ఇంత అసహ్యంగా ఉంటుందని ఆమెకు యాభై తొమ్మిదో ఏట తెలిసింది.

సిగ్నల్ హిల్ మీద నుంచి పెద్ద లెన్సుతో కప్పులన్నీ తీసింది. చర్చికీ రేవు నోటికీ మధ్య నల్ల కప్పులు డెబ్బై మూడు తేలాయి. వాటిని పటం మీద గుర్తుపెట్టుకుని ఒక్కొక్కదాని వెనక సందులోకీ వెళ్ళింది. అందరూ కరెంటు హీటర్లు పెట్టుకున్నారు, వాన కారుతోందని పొగగొట్టాలు పీకేశారు. ఒక్కటి మిగిలిన ఇళ్ళున్నాయి. రెండున్న ఇల్లు లేదు. నాలుగు రోజులు మంచు కమ్మి గోపురమే కనబడలేదు. ప్రతి సాయంత్రం ఆశ్రమానికి వెళితే తల్లి కళ్ళు తెరిచి అడిగేది ఒకటే: “దొరికిందా?” ఆవిడ గొంతు రోజురోజుకూ లోపలికి పోతోంది.

పన్నెండో రోజు ప్రెస్కాట్ వీధి వెనక సందులో, ఆరేసిన బట్టల మీదుగా తలెత్తితే కనబడ్డాయి. నల్ల కప్పు. రెండు పొగగొట్టాలు. ఒకటి కాస్త పక్కకు ఒరిగి ఉంది. లొరెటా కెమెరా ఎత్తింది.

“ఏం తీస్తున్నావే తల్లీ, నా లోపలి లంగాలా?” అని పై కిటికీలోంచి ఒక ముసలి గొంతు.

“మీ పొగగొట్టాలండీ.”

“అయ్యో రాత! నా లంగాలే నయం కదే. రా, లోపలికి రా, చలికి చస్తావు.”

ఆవిడ పేరు మిసెస్ టిజార్డ్. ఎనభై దాటాయి. ఆ ఊళ్ళో ఎవరో తెలియని మనిషికి టీ ఇవ్వడానికి పేరు అడగక్కర్లేదు. డబ్బా పాలు పోసిన టీ, నల్ల బెల్లప్పాకం పూసిన రొట్టె బల్ల మీద పెట్టి, అప్పుడు అడిగింది ఏం పని అని. కొండగుర్తు సంగతి చెప్పకూడదు కాబట్టి లొరెటా, పాత ఇళ్ళంటే ఇష్టం, అంది.

“అయితే త్వరగా ఇష్టపడు. ఆ ఒరిగింది వచ్చే నెల మా అల్లుడు పడగొడుతున్నాడు. పదేళ్ళుగా పోరు. మా నాన్న కట్టించాడు రెండూ, యుద్ధానికి ముందు. చిత్రమేంటంటే, వాటిని చూడ్డానికొచ్చింది నువ్వొక్కదానివే కాదు.”

“ఇంకెవరొచ్చారు?”

“ఎవరో జాలరి. యాభై ఏళ్ళ కిందటి మాట. నేను కొత్త పెళ్ళికూతుర్ని. ఆ సందులో నిలబడి ఆ రెండు పొగగొట్టాల్నీ పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాడమ్మా! వాటి అమ్మనీ, అబ్బనీ. మా ఆయన బయటికెళ్ళేసరికి టోపీ తీసి, మిమ్మల్ని కాదండీ, అని చెప్పి వెళ్ళిపోయాడు. తాగి ఉన్నాడేమో.”

లొరెటా నవ్వింది. ఇల్లు దొరికిన సంతోషంలో ఆ మాట ఆమె చెవిలో నిలవలేదు.

మర్నాడు పొద్దున్నే ఆకాశం విడిచింది. సిరిల్ పడవ రేవులో సిద్ధంగా ఉంది. సిరిల్‌ది బ్యాటరీయే. చిన్నప్పుడు బాబాయ్ ఇంటికి వెళ్ళినప్పుడల్లా లొరెటా జడ లాగి పారిపోయేవాడు. వాళ్ళ నాన్న జాలరి, వాళ్ళ తాత జాలరి. చేపలు పోయాక సిరిల్ ఇప్పుడు అదే నీళ్ళ మీద టూరిస్టులకు తిమింగలాలు చూపిస్తున్నాడు.

“ఎటు పోవాలో చెప్పవే మహారాణీ,” అన్నాడు రేవు నోరు దాటాక. “మంచుకొండా, తిమింగలమా? తిమింగలానికి నా మాటంటే లెక్కలేదు, ముందే చెప్తున్నా.”

“ఒక చోటికి. కానీ నువ్వు ఎవరికీ చెప్పకూడదు.”

“ఏ చోటు?”

“ఆంబ్రోస్ బాబాయ్ చేపల చోటు.”

సిరిల్ ఈల వేశాడు. “నీ దగ్గరుందా అది? చేపలే లేవు కదే పిచ్చిదానా, ఇంకా దాపరికమేంటి? అయినా చెప్పు, మా నాన్న సమాధిలో లేచి కూర్చుంటాడు.”

లొరెటా ప్రార్థన పుస్తకం తీసింది. పెన్సిలు గీతలు అరిగి వెండి రంగుకొచ్చాయి. తల్లి వేసిన ఒట్టు గుర్తొచ్చి ఒక్క క్షణం ఆగింది. తర్వాత చదివింది. “తూర్పు గోపురం కిందికి నల్ల కప్పు రెండు పొగగొట్టాలు.”

సిరిల్ ఇంజను తగ్గించాడు. అతని ముఖంలో నవ్వు ఉన్నచోటనే ఆగిపోయింది. లొరెటా పేజీ మీద వేలు పెట్టుకుని రెండో గీత కోసం వెతుకుతుండగా, “స్పియర్ దీపస్తంభం కొండ చాటు నుంచి సగం బయటికి,” అన్నాడు.

“నీకెలా తెలుసు?”

అతను పడవను తిప్పి, వెనక్కి చూసుకుంటూ, ఒక అరగంట నడిపాడు. చర్చి గోపురం మెల్లగా జరిగింది. దాని కిందికి మిసెస్ టిజార్డ్ పొగగొట్టాలు వచ్చి నిలబడ్డాయి, ఒకటి కాస్త ఒరిగి. దక్షిణాన కొండ అంచు దాటి దీపస్తంభం సగం తెల్లగా బయటపడింది. లొరెటా లేచి నిలబడింది. ఇక్కడేనన్నమాట. అమ్మ గడ్డంతో చూపించిన చోటు.

“ఇదేనా సిరిల్?”

“కొండగుర్తు ఇదే,” అని అతను లోతు చూపించే పెట్టె మీద వేలు పెట్టాడు. “ఇది కూడా చూడు.”

తొంభై రెండు బారలు. అడుగున బురద.

“ఇక్కడ గాలం ఎవడూ వేయడు లొరెటా. బురదలో కాడ్ ఉండదు. ఇంత లోతులో చిన్న పడవకి లంగరే అందదు.” సిరిల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. “అరవై ఎనిమిదిలో మా నాన్న మీ బాబాయికి రెండు సీసాల రమ్ము తాగించి రాబట్టాడు ఈ కొండగుర్తు. వేసవంతా ఇక్కడే తిరిగాడు. ఒక్క తోక కూడా పడలేదు. మీ బాబాయ్ అడిగినవాళ్ళందరికీ ఇదే చెప్పేవాడు. మా వాడ మగాళ్ళలో అదో హాస్యం. ఎవడైనా కోతలు కోస్తే, ‘రెండు పొగగొట్టాల కిందా?’ అనేవాళ్ళు. మీ అన్న పోయాక ఆ మాట ఎవరూ అనలేదు.”

సందులో నిలబడి పొగగొట్టాల్ని తిట్టిన జాలరి ఎవరో లొరెటాకు అప్పుడు తెలిసింది.

“అమ్మకి చెవిలో చెప్పాడు,” అంది. “తలుపేసి. ఒట్టేయించుకుని.”

“అందరికీ అలాగే చెప్పేవాడు.”

“మా ఇంట్లో జెరార్డ్ గాలపు తాడుంది. ముప్పై బారలే. ఇక్కడ సగం లోతుకైనా అందదు.” ఆ మాట ఆమె సిరిల్‌తో అనలేదు, నీళ్ళతో అంది. నలభై ఎనిమిదేళ్ళలో వాళ్ళమ్మ ఈ కొండగుర్తు ఒక్క మనిషికి, ఏ చేపలమ్మకైనా సరే, చెప్పి ఉంటే అప్పుడే తేలిపోయేది. ఆవిడ చెప్పలేదు. మరిది నమ్మి చెప్పిన మాట కదా అని గుండెల్లో దాచుకుంది.

“మరి అసలు చోటు?”

“ఆయనకి తప్ప ఎవరికీ తెలీదే. కొడుకుల్లేరు. ఎక్కడుందో గానీ, ఆపేసే రోజు దాకా అక్కడే వేశాడు. వాడలో అందరికంటే పెద్ద చేప ఆయనదే.”

లొరెటా పడవ అంచు పట్టుకుంది. శుక్రవారాలు గుర్తొచ్చాయి. జెరార్డ్ మునిగిన నీళ్ళలో పట్టి, కాగితంలో చుట్టిన చేప. చెయ్యంత పొడుగుది. ఇరవై ఒక్క ఏళ్ళు. సముద్రంలోకి వంగి కక్కుకుంది. సిరిల్ ఆమె కోటు వెనక పట్టుకుని నిలబడ్డాడు.

తిరిగి వెళ్ళే ముందు ఆమె కెమెరా తీసింది. కింద సగం దాకా నీళ్ళు, పైన ఊరు, గోపురం కింద రెండు పొగగొట్టాలు, నిట్టనిలువుగా ఒకే గీతలో. చాలా మంచి ఫొటో. ఇరవై ఆరేళ్ళు వచ్చిన చేతికి చెడ్డ ఫొటో తీయడం చేతకాలేదు.

ఆశ్రమంలో ఆంబ్రోస్ బాబాయ్ ఉండేది తల్లికి ఒక అంతస్తు కింద. ఎనభై తొమ్మిదేళ్ళు. నాలుగేళ్ళుగా మనుషుల్ని మరిచిపోయాడు. నర్సులు ఇచ్చిన దారంతో రోజంతా వల అల్లుతూ కూర్చుంటాడు. లొరెటా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపంతో చెవులు వేడెక్కి ఉన్నాయి.

“బాబాయ్, జెరార్డ్ ఎక్కడ పోయాడు?”

“జెరార్డ్ ఎవరు?”

“మీ అన్న కొడుకు.”

“మా అన్నకి కొడుకున్నాడా?” ముసలాయన నిజంగానే సంతోషించాడు. “మంచిది. మంచిది. పడవెక్కుతాడా?”

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. “నీ చేపల చోటు ఎక్కడ బాబాయ్?”

దారం ఆగింది. మసకబారిన ఆ కళ్ళల్లోకి ఎక్కడి నుంచో మనిషి తిరిగొచ్చాడు. తలుపు వైపు చూశాడు. నడవాలో ఎవరైనా ఉన్నారేమో చూశాడు. దగ్గరికి రమ్మని వేలు ఆడించి, చెవిలో చెప్పాడు, ఒక్క మాట పొల్లు పోకుండా: “తూర్పు గోపురం కిందికి నల్ల కప్పు రెండు పొగగొట్టాలు. స్పియర్ దీపస్తంభం కొండ చాటు నుంచి సగం బయటికి. ఎవరికీ చెప్పకు.”

“అక్కడ తొంభై రెండు బారల లోతుంది! బురద!”

“చేపలు పడలేదా?” అన్నాడు బాబాయ్ జాలిగా. “సరిగ్గా చూసుకుని ఉండవు.”

భార్యను మరిచిపోయాడు. పడవ పేరు మరిచిపోయాడు. నీళ్ళలో తన కళ్ళ ముందు మునిగిపోయిన పిల్లాణ్ణి మరిచిపోయాడు. అబద్ధం మాత్రం భద్రంగా ఉంది. దాని వెనక నిజం ఇంకా ఉందో, అదీ పోయిందో, అడిగి తెలుసుకునే దారి లేదు. ఆయన మళ్ళీ దారం అందుకున్నాడు. లొరెటా లేచింది.

మెట్లెక్కుతూ అమ్మకు నిజమే చెప్పాలనుకుంది. తప్పు ఇంటి ఫొటో తను ఎన్నడూ ఇవ్వలేదు, ఇప్పుడు కన్నతల్లికి ఇవ్వదు. ఆ ధైర్యం మంచం దాకా నిలిచింది.

తల్లి ఫొటోను రెండు చేతుల్తో పట్టుకుని, కళ్ళకు బాగా దగ్గరగా తెచ్చుకుని చూసింది. చాలాసేపు చూసింది. పెదవులు కదిలాయి. “గోపురం... రెండు పొగగొట్టాలు... అదుగో.” తర్వాత కూతురి వైపు తిరిగిన ఆ మొహంలో సంతోషం చూసి లొరెటాకు భయమేసింది.

“ఆంబ్రోస్ ఎవ్వరికీ చెప్పలేదే. కన్నతండ్రి అడిగినా చెప్పేవాడు కాదు. నాకు చెప్పాడు. అంత నమ్మాడు నన్ను.”

“అవునమ్మా.”

“లోతెంత?”

ఆ ప్రశ్న వస్తుందని ఆమె అనుకోలేదు. “పదిహేను బారలు,” అంది. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. వాడెన్ వాళ్ళ ఆడపిల్ల కదా మరి.

“అంతేనా? నేను ఇంకా చాలా లోతనుకున్నా.” తల్లి ఊపిరి పీల్చుకుంది. “ఎక్కడో వేలు పెట్టి చూపించు.”

“ఏంటమ్మా?”

“వాడు. ఎక్కడ?”

ఫొటోలో నీళ్ళన్నీ ఒకే బూడిద రంగులో ఉన్నాయి. లొరెటా చూపుడు వేలు వాటి మీద ఆడి, ఆగి, ఒక చోట దిగింది. తల్లి ఆ వేలిని పక్కకు జరిపి, అదే చోట తన బొటనవేలు పెట్టింది. మూడు రోజులు తీయలేదు. నాలుగో రోజు తెల్లవారాక నర్సు వచ్చి చల్లబడ్డ ఆ వేలు తీసేసరికి కాగితం మీద ముద్ర పడి ఉంది.

ఆ సాయంత్రం పేటిక తెరిచి ఉంచారు. నీలం గౌను, జపమాల, చేతుల కింద ఫొటో. సిరిల్ వచ్చాడు. ఫొటో చూసి, లొరెటా మొహం చూసి, తల దించుకుని వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాడు. ఆడవాళ్ళు మోకాళ్ళ మీద జపమాల చెప్పడం మొదలుపెట్టాక, ఆశ్రమం నర్సు ఆంబ్రోస్ బాబాయ్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చింది. వదిన పోయిందని చెబితే కోటు వేసుకున్నాడట.

పేటిక దగ్గర కుర్చీ ఆపారు. బాబాయ్ చనిపోయిన మొహాన్ని గుర్తుపట్టినట్టు లేదు. ఫొటో వైపు చూశాడు. చెయ్యి చాచి దాన్ని కాస్త తన వైపు వంచుకుని చూశాడు. గోపురం, పొగగొట్టాలు. మూతి ఒక పక్క నుంచి నవ్వు మొదలైంది, వెంటనే పోయింది. అప్పుడు ఆయన కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచి, పేటిక అంచు పట్టుకుని వంగి, వదిన చెవి దగ్గర నోరు పెట్టాడు.

చెప్పడం మొదలుపెట్టాడు. లొరెటా చూస్తూనే ఉంది. రెండు పొగగొట్టాల మాటకు పట్టే సమయం ఆమెకు తెలుసు. అది అయిపోయింది. ఆయన పెదవులు ఇంకా కదులుతున్నాయి. మధ్యలో ఆగి, ఏదో గుర్తుచేసుకుని, మళ్ళీ చెప్పాడు. ఒక చేత్తో గాలిలో గీత గీశాడు, దానికి అడ్డంగా ఇంకోటి గీశాడు.

లొరెటా మోకాళ్ళ మీద నుంచి లేచి పరుగెత్తింది. జపమాల హోరులో ఒక్క ముక్క వినబడలేదు. ఆమె దగ్గరికి చేరేసరికి ఆయన మళ్ళీ కుర్చీలో కూలబడి ఆయాసపడుతున్నాడు.

“ఏం చెప్పావు బాబాయ్?”

“ఎవరికి?”

“అమ్మకి. ఇప్పుడే. అసలు చోటు చెప్పావు కదూ? నాక్కూడా చెప్పు. నేను జెరార్డ్ చెల్లెల్ని.”

బాబాయ్ ఆమెను చూశాడు. ఆమె వెనక మోకరిల్లిన మనుషుల్ని చూశాడు. ఒక్కొక్క మొహాన్నీ చూశాడు, ముఖ్యంగా సిరిల్ మొహాన్ని. మెల్లగా వేలు ఆడించి దగ్గరికి పిలిచాడు. ఆమె వంగి చెవి ఇచ్చింది.

“తూర్పు గోపురం కిందికి,” అన్నాడు, “నల్ల కప్పు రెండు పొగగొట్టాలు. స్పియర్ దీపస్తంభం కొండ చాటు నుంచి సగం బయటికి. ఎవరికీ చెప్పకు.”

లొరెటా చివరిదాకా విన్నది. తర్వాత జారిపోతున్న దుప్పటిని ఆయన మోకాళ్ళ మీదికి సర్ది, “చెప్పను బాబాయ్,” అంది.